పండుగకు ఎంత ఖర్చు పెట్టాలి?



మొన్నొక ఆదివారం పూజ ముగిశాక దేవాలయ ఆవరణలో ఒక యువకుడు నన్ను ఆపాడు. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. వాళ్ల అబ్బాయికి వచ్చే వేసవిలో తొలి సత్ప్రసాదం. "మాస్టారూ, ఉన్నంతలో చిన్నగా చేద్దామనుకుంటున్నాను. నలుగురూ ఏమనుకుంటారో అన్న బెంగ నాకు లేదు. కానీ రేపు పెద్దయ్యాక వాడే అనుకుంటే? మా నాన్నకు నా మీద ప్రేమ తక్కువ, అందుకే అలా తేల్చేశాడు అని వాడే అనుకుంటే?" అన్నాడు.

నేను అప్పటికప్పుడు ఏమీ చెప్పలేకపోయాను. "దేవుడున్నాడు, అంతా సవ్యంగా జరుగుతుందిలే" అన్నాను. పెద్దవాళ్లు జవాబు తోచనప్పుడు అనే మాట అది. ఇంటికి వచ్చాక ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఎందుకంటే అతను అడిగిన ప్రశ్నకు నా జీవితంలోనే రెండు జవాబులున్నాయి. రెండూ తప్పు జవాబులే. అతనికి, అతనివంటి సందిగ్ధంలో ఉన్న మీకు, ఆ రెండూ చెప్పుకోవడం న్యాయమనిపించి ఈ వారం ఇలా రాస్తున్నాను.

మొదటిది మా నాన్నగారి జవాబు. 1968లో మా ఊరి దేవాలయంలో నేను తొలి సత్ప్రసాదం తీసుకున్నాను. మాకు ఎకరంన్నర మెట్టభూమి ఉండేది. నలుగురు ఆడపిల్లల తర్వాత పుట్టినవాణ్ణి కనుక నాన్నగారు ఆ రోజును పెళ్లిలా చేయాలనుకున్నారు. పక్క ఊరి వర్తకుడి దగ్గర ఐదువందల రూపాయలు అప్పు తెచ్చారు. నూటికి రెండు రూపాయల వడ్డీ. ఇంటి ముందు తాటాకు పందిరి, పెట్రోమాక్సు దీపాలు, మైకుసెట్టు, రెండు ఏటపోతులు, బస్తాన్నర బియ్యం. నాకు తెల్ల చొక్కా, తెల్ల లాగూ, చేతిలో కొవ్వొత్తి. ఆ రోజు నేను రాజును.

లెక్క చూడండి. ఐదువందలకు నెలకు పది రూపాయల వడ్డీ. ఏడాదికి నూట ఇరవై. అయిదేళ్లు తిరిగేసరికి వడ్డీ ఆరువందలు, అసలు అలాగే ఉంది. "అసలు కంటే వడ్డీ ముద్దు" అని మనవళ్లను ఎత్తుకొని మురిసిపోతూ అంటాం గాని, ఆ మాట వర్తకుడి నోట వింటే వేరుగా ఉంటుంది. ఆరో ఏట నాన్నగారు అర ఎకరం అమ్మి ఆ బాకీ తీర్చారు. నాతో ఒక్క మాట అనలేదు. "నీ కోసమే చేశాను" అని ఎన్నడూ దెప్పలేదు. అయినా హైస్కూలుకు వెళ్లే దారి ఆ చేను గట్టు మీదుగానే. పదిహేనేళ్ల వయసులో ఆ గట్టు మీద నడుస్తున్నప్పుడల్లా, ఈ నేలను నేను తినేశాను అనిపించేది. ఆనాటి మాంసం రుచి మరిచిపోయాను. గట్టు మాత్రం గుర్తుంది.

ఇంకొకటి కూడా గుర్తుంది. భోజనాల దగ్గర బల్ల వేసుకొని ఒకాయన పుస్తకంలో చదివింపులు రాశాడు. "ఫలానావారు, రెండు రూపాయలు! ఫలానావారు, ఇత్తడి చెంబు!" అని మైకులో చదివాడు. మా దొడ్డిగోడకు ఆవలి ఇంట ఒక పెద్దమ్మ ఉండేది. మా అమ్మ కూలికి వెళ్లినప్పుడల్లా నన్ను చంకనేసుకొని పెంచింది ఆమే. ఆమె పందిట్లోకి రాలేదు. దొడ్డిదారిన వచ్చి, గుండిగలు తోమి, అందరూ వెళ్లాక వంటపొయ్యి దగ్గర కూర్చొని తిన్నది. "ఎందుకమ్మా?" అని అడిగితే, "మైకులో చదవడానికి ఆమె దగ్గర ఏముందిరా?" అంది మా అమ్మ. నా పండుగలో నాకు అందరికంటే దగ్గరి మనిషి అందరికంటే దూరంగా కూర్చుంది. ఆమెను దూరం పెట్టింది ఎవరి దుర్మార్గమూ కాదు, ఆ పండుగ గొప్పదనమే. విందు చేస్తే తిరిగి పిలిచే స్తోమత లేనివారిని పిలవమని క్రీస్తునాథుడు లూకా సువార్త 14వ అధ్యాయంలో చెప్పిన మాటను ఆదివారం ప్రసంగంలో ఎన్నోసార్లు విన్నాం. మన చదివింపుల పుస్తకం ఆ మాటకు సరిగ్గా తలకిందులు. ఆ పుస్తకం ఉన్నంతకాలం ప్రతి పిలుపూ ఒక అప్పే.

ఇక రెండో జవాబు నాది. నాన్నగారి అప్పు చూసి భయపడ్డవాడి జవాబు. నేను ఉపాధ్యాయుణ్ణయ్యాను, పెళ్లయింది, ముగ్గురు పిల్లలు. 1996 వేసవిలో పిల్లలకు హైదరాబాదు చూపిద్దామని బయలుదేరాం. ఒక చిన్న చిట్టా పుస్తకం జేబులో పెట్టుకున్నాను. ఇంటినుంచి బియ్యం, కందిపొడి, గోంగూర పచ్చడి తీసుకెళ్లాం. సికింద్రాబాదులో నా మరదలి ఇంట దిగాం. అక్కడివరకు తప్పేమీ లేదు.

ఆ ఊళ్లో డబ్బు లేకుండా చూడదగ్గవి ఎన్నో ఉన్నాయి. అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. 1591లో కట్టిన చార్మినారును కింద నిలబడి తలెత్తి చూస్తే చాలు. సాయంకాలం ట్యాంకుబండు మీద నడుస్తూ తెలుగు మహనీయుల విగ్రహాల కింద పేర్లు చదివించడం ఏ పాఠ్యపుస్తకానికీ తీసిపోదు. సికింద్రాబాదులో 1850 నాటి మరియమాత దేవాలయం ఉంది, 2008లో దానికి బసిలికా హోదా లభించింది. సాలార్‌జంగ్ మ్యూజియానికి టిక్కెట్టు ఉంది గాని అది దండగ కాదు. అక్కడి గడియారం ముందు గంట కొట్టే వేళకు జనం బడిపిల్లల్లా బుద్ధిగా కూర్చుంటారు. లోపలినుంచి చిన్న బొమ్మమనిషి వచ్చి గంటలు కొట్టి వెళ్లిపోతాడు. అంతే. ఆ అంతకే ముసలివాళ్లు కూడా చప్పట్లు కొడతారు. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ముసుగు రెబెక్కా కూడా అక్కడే ఉంది. తనకు కాబోయే భర్త ఈసాకు ఎదురొస్తున్నాడని తెలిసి రెబ్కా ముసుగు వేసుకున్న సంగతి ఆదికాండంలో చదివాం కదా, ఆవిడే. పాలరాతి ముసుగులోంచి ముఖం కనబడుతుంది. మా పెద్దమ్మాయి ఎంతసేపటికీ అక్కడినుంచి కదల్లేదు. (మ్యూజియానికి శుక్రవారం సెలవు, జంతుప్రదర్శనశాలకు సోమవారం సెలవు. వెళ్లేవారు గుర్తుంచుకోండి.)

మూడో రోజు సాయంత్రం హుస్సేన్‌సాగరు గట్టుకు వెళ్లాం. సాగరం మధ్యలో బుద్ధుడి ఏకశిలా విగ్రహం. 1990లో తరలిస్తుండగా నీళ్లలో మునిగిపోయి, కొందరి ప్రాణాలు కూడా పోయి, తిరిగి 1992లో పైకి తీసి నిలబెట్టిన విగ్రహం అది. దాని దగ్గరికి పడవలు తిరుగుతున్నాయి. తొమ్మిదేళ్ల మా అబ్బాయి నా చేయి లాగి "నాన్నా, పడవెక్కుదాం" అన్నాడు. అయిదుగురికి టిక్కెట్లు లెక్కవేసుకున్నాను. "గట్టు మీదినుంచి కనబడుతూనే ఉన్నాడుగా, దగ్గరికెళ్తే ఎక్కువ కనబడతాడా?" అన్నాను. చాలా తెలివైన మాట అన్నాననుకున్నాను. వాడు మళ్లీ అడగలేదు.

నూట నలభై రూపాయలు మిగుల్చుకొని ఇల్లు చేరాం. చిట్టా మా ఆవిడకు చూపించాను. ఆమె చూసి, "మిగిలాయి, సరేనండీ. ఎవరికోసం మిగిల్చారు?" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ చిట్టా ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో ఉంది. ఈమధ్య తీసి చూస్తే సిగ్గనిపించే పద్దులు ఇంకా కనబడ్డాయి. మదీనా దగ్గర రిక్షా అతను అడిగిన దాంట్లో రెండు రూపాయలు తగ్గించాను. మే నెల ఎండలో అయిదుగురిని రెండు రిక్షాల్లో లాగినవాళ్లలో ఒకడు అతను. నా పుస్తకంలో ఆ రెండు రూపాయలు "ఆదా". అతని ఇంట పుస్తకం ఉంటే అక్కడ ఏమని రాసుకొని ఉండేవాడు? మా బస ఖర్చు ఎదుట సున్నా చుట్టాను. రెండు గదుల వాటాలో ఆరు రాత్రులు మాకు పక్కలు పరిచి, తాము వరండాలో పడుకున్న మరదలు, తోడల్లుడు ఆ సున్నాలో ఉన్నారు. వాళ్ల గ్యాసు సిలిండరు ఉంది. మాకు సాయంత్రాలు ఖాళీ, ఆమెకు సాయంత్రాలు వంట. తక్కువ ఖర్చుతో తిరిగొచ్చామని మనం చెప్పుకునేటప్పుడు, తగ్గిన ఆ ఖర్చును ఎవరు భరించారో కూడా చెప్పాలి కదా. చాలాసార్లు అది మనకంటే లేనివాడో, మనల్ని కాదనలేనివాడో అయి ఉంటాడు.

ప్రేమ కొద్దీ లెక్క చూడనివారు మా నాన్నగారు. భయం కొద్దీ లెక్క తప్ప మరేమీ చూడనివాణ్ణి నేను. మరి లెక్క చూడడం మంచిదా, చెడ్డదా?

ఈ సందేహంతో వేదగ్రంథం తెరిచినప్పుడు నన్ను ఆశ్చర్యపరిచిన చోటు నిర్గమకాండం 12వ అధ్యాయం. పాస్క పండుగను మొట్టమొదట ఎలా చేసుకోవాలో దేవుడు చెబుతున్నాడు. ఇంట్లో మనుషులు తక్కువై ఒక గొఱ్ఱెపిల్లను తినలేకపోతే పొరుగింటివారితో కలిసి పంచుకోవాలట. ఎందరున్నారో, ఎవరెంత తింటారో చూసుకొని మరీ. ఉదయానికి ఏమీ మిగల్చకూడదట. ఒక జాతి మొత్తానికి విడుదల లభించే రాత్రి తలలు లెక్కపెట్టుకోమంటున్నాడు దేవుడు! పొరుగింటితో కలిసి తింటే పండుగ చిన్నబోతుందని ఆయన అనుకోలేదు. మనమే అనుకుంటాం.

మరియమ్మ, యోసేపుల సంగతి చూడండి. బాలయేసును దేవునికి సమర్పించడానికి యెరూషలేము వెళ్లారు. వారికి అది కుటుంబంలో శుభకార్యం, పట్నం ప్రయాణం కూడా. ధర్మశాస్త్రం ప్రకారం తల్లి శుద్ధీకరణకు గొఱ్ఱెపిల్లను తేవాలి. తాహతు లేనివారు గువ్వల జంటనో రెండు పావురపు పిల్లలనో తేవచ్చు. వారిది ఆ రెండో వరుస. పేదల వరుస. అప్పు చేసి గొఱ్ఱెపిల్లను కొనలేదు. సిగ్గుపడి ఇంట్లో ఉండిపోనూ లేదు. తర్వాత ఏటేటా పాస్క పండుగకు నజరేతునుంచి యెరూషలేముకు వెళ్లేవారని లూకా రాశాడు. వందకు పైగా కిలోమీటర్ల దారి. బంధువులు, ఎరిగినవారు గుంపుగా కలిసి నడిచేవారు. అందుకే పన్నెండేళ్ల పిల్లవాడు కనబడకపోయినా, చుట్టాలతో ఉన్నాడులే అనుకొని ఒక రోజు ప్రయాణం చేశారు. వడ్రంగి ఇంటివాళ్లు ఏటా పట్నం వెళ్లగలిగారంటే అలా నలుగురితో కలిసి వెళ్లబట్టే అయి ఉంటుందని నా ఊహ.

ఇంతవరకు చదివి, పొదుపే పుణ్యమని మీరు నిర్ణయించుకోకముందే బెతానియాలో జరిగినది కూడా చూడాలి. మరియ విలువైన పరిమళ తైలం తెచ్చి యేసు పాదాలకు పూసింది. అది మూడువందల దీనారాల సరుకు, దాన్ని అమ్మి పేదలకు ఇవ్వవచ్చుగదా అని ఒకాయన లేచాడు. దీనారం అంటే ఒక రోజు కూలి. దాదాపు ఏడాది సంపాదన పాదాల మీద పోసేసిందన్నమాట. ఆ లెక్క తప్పు కాదు. కానీ ప్రభువు ఆ స్త్రీ పక్షమే వహించాడు. లెక్క చెప్పినవాడు యూదా ఇస్కారియోతు. ఈ భాగం చదివినప్పుడల్లా నా చిట్టా పుస్తకం గుర్తొచ్చి తల దించుకుంటాను. పేదల పేరు చెప్పి, నిరాడంబరత పేరు చెప్పి పిసినారితనాన్ని దాచుకోవడం ఎంత తేలికో యోహాను సువార్తికుడికి బాగా తెలుసు.

కాబట్టి ఆ యువకుడికి నేను చెప్పదలచుకున్నది ఇది. బాబూ, లెక్క చూడు. పిల్లవాణ్ణి కూడా కూర్చోబెట్టుకొని చూడు. దాచిన లెక్క పిల్లలకు ఎప్పటికైనా తెలుస్తుంది. మా నాన్నగారి అప్పు నాకు గట్టు మీద తెలిసినట్టు, నా పిసినారితనం మా అబ్బాయికి మరో గట్టు మీద తెలిసినట్టు. ముందుగా చెప్పిన లెక్కను మాత్రం ఏ పిల్లవాడూ ప్రేమలేమి అనుకోడు. "మన దగ్గర ఇంత ఉంది, దీనితో నీకేం కావాలి?" అని అడిగించుకున్న పిల్లవాడికి అంతకన్నా గౌరవం ఏముంటుంది? అన్నీ లెక్కలో పెట్టు. ఒక్కటి మాత్రం లెక్కకు బయట వదులు, ఆ పరిమళ తైలంలాగ. ఆ ఒక్కటి ఏమిటో పిల్లవాణ్ణే చెప్పనివ్వు.

ఇది ఉత్త సలహా కాదు. నిరుడు వేసవిలో మా మనవరాలి తొలి సత్ప్రసాదం అప్పుడు మేము చేసి చూశాం. మా విచారణలో ఆ రోజు తొమ్మిదిమంది పిల్లలు. తొమ్మిది ఇళ్లకు తొమ్మిది పందిళ్లు, తొమ్మిది ఫ్లెక్సీలు, తొమ్మిది చోట్ల సగం తిని వదిలేసిన విస్తళ్లు ఎందుకని మా విచారణ గురువులు అడిగారు. ఒకే పొయ్యి పెట్టి బడి వరండాలో కలిసి భోంచేద్దామన్నారు. ఎవరి శక్తి కొద్దీ వాళ్లు కవరులో పెట్టి ఇవ్వాలి, ఎవరెంత ఇచ్చారో ఇద్దరు పెద్దలకు తప్ప తెలియకూడదు, చదివింపులు ఉండవు. ఎనిమిది కుటుంబాలు ఒప్పుకున్నాయి. ఒక కుటుంబంవారు వేరే రోజున ఫంక్షన్‌హాలులో చేసుకున్నారు. వారినేమీ అనను, ఆ భోజనం చాలా బాగుంది, నేనూ వెళ్లి తిన్నాను.

అసలు చిక్కు మా వియ్యంకుడితో వచ్చింది. "మా మనవరాలి పండుగ ఊరుమ్మడిగా చేస్తారా బావగారూ? డబ్బు కష్టమైతే నేను పెట్టుకుంటాను" అని నొచ్చుకున్నారు. ఆయన మాటలో అహంకారం లేదు, ఆశ ఉంది. నేను మా అర ఎకరం కథ చెప్పాను. అంతవరకు నా కొడుక్కి కూడా చెప్పని కథ అది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మరునాడు వెళ్లి పిల్లకు తెల్లని గౌను ఒకటి తెచ్చారు. దాని ధర నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. చూస్తేనే తెలుస్తోంది. మంచిదే అనుకున్నాను. ఆ రోజు వరండాలో మా మనవరాలి పక్కన కూర్చొని తిన్నది ఎవరనుకున్నారు? తనకు జపాలు నేర్పిన ఉపదేశిగారి భార్య. ఎవరూ కూర్చోబెట్టలేదు. చదివింపుల బల్ల లేకపోయేసరికి ఆమె ముందు గుమ్మంలోంచే వచ్చింది.

అలా మిగిలిన డబ్బుతో ఏం చేద్దామని పిల్లను అడిగాం. "హైదరాబాదులో పడవ" అంది. వాళ్ల నాన్న ఎప్పుడు చెప్పాడో! ముప్పై ఏళ్లు కావస్తున్నా నాకు ఒక్క మాట చెప్పనివాడు కూతురికి చెప్పాడు.

వెళ్లాం. మళ్లీ అదే మరదలి ఇంటికి. ఈసారి ముందుగా అడిగి, రెండు రాత్రులకే వెళ్లాం. వెళ్తూనే నెల సరుకులు దింపాం. వంట మా ఆవిడ, కోడలు అందుకున్నారు. నాలుగు ఊళ్లు తిరిగినంత బడలిక లేకుండా మెట్రోలో, లోకల్ రైల్లో తిరిగాం. 1996లో ఆ రెండూ లేవు. ఈసారి మరదల్ని, తోడల్లుణ్ణి ఇంట్లో వదిలి వెళ్లలేదు. సాగరు గట్టు దగ్గర టిక్కెట్ల కిటికీ ముందు మా అబ్బాయి జేబులో చేయి పెట్టాడు. నేను ఆ చేయి పట్టుకొని ఆపాను. ఎనిమిది టిక్కెట్లు తీసుకున్నాను.

పడవ కదిలాక మా మరదలు చీర చెంగు గాలికి ఎగరకుండా బిగించి పట్టుకొని, ఎదురుగా పెరుగుతున్న విగ్రహాన్ని నోరు తెరుచుకొని చూస్తోంది. "ఏమ్మా, ఎన్నిసార్లు ఎక్కావు ఈ పడవ?" అని అడిగాను.

"ఎక్కడ బావా! ఇన్నేళ్లుగా ఇక్కడే ఉన్నాను గాని, వచ్చిన చుట్టాలను పంపించడమే. ఎప్పుడూ బస్సులోంచి చూడడమే" అంది.